అత్తమ్మ బొంతలో పదకొండు వంకర వరసలు

మా అమ్మాయికి ఏడో నెల. పురిటికి ఆత్మకూరు వచ్చేలోపు పాత మెత్తటి గుడ్డలన్నీ ఉతికి ఎండేసి పెట్టుకుందామని పోయిన వారం అటక మీది ట్రంకుపెట్టె దించాను. పురిటి రోజుల్లో బిడ్డకు కొత్త గుడ్డ కంటే, ఎన్నో ఉతుకులు తిన్న పంచె ముక్కే హాయి కదా. పెట్టె అడుగున, ఎండిన వేపాకు మధ్య, ఒక దిండు గలీబులో అత్తమ్మ కుట్టిన చిన్న బొంత దొరికింది. "ఇది నా మనవరాలి బిడ్డకి" అని అప్పుడెప్పుడో చెప్పి దాచింది. ఆమె పోయి ఆరేళ్ళయింది. నేనూ మరిచేపోయాను.

దండెం మీద వేసి చూశాను. అడుగున ఆమె పాత వెంకటగిరి నూలుచీర, మధ్యలో మామయ్య పంచెలు, పైన ఎరుపూ ఆకుపచ్చా చీర ముక్కలు. వేలెడు దూరంలో ఒక్కో వరస, గీత గీసినట్టు కుట్లు. అట్లా మూడొంతుల్లో రెండొంతులు వచ్చాక వరసలు వంకర పోయాయి. మేకలు నడిచిన దోవలాగా ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకచోట రెండు వరసలు ఒకదాన్నొకటి దాటాయి. రెండు కుట్లయితే వేలు దూరేంత పొడుగు. లెక్కపెట్టాను. వంకర వరసలు పదకొండు.

సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మాయికి చూపించాను. ముందు కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఫోను దగ్గరికి తెచ్చుకుని, "అమ్మా, ఆ పక్కన ఏంటి అట్లుంది? విప్పి మళ్ళీ కుట్టేయ్ మా. అవ్వ ఉంటే తనే విప్పించేది" అంది.

అదీ నిజమే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు బొంత కుట్టడం నేర్పింది అత్తమ్మే. ఒకసారి రాత్రి పనంతా అయ్యాక లైటు కింద కూర్చుని రెండు వరసలు కుట్టి, మెచ్చుకుంటుందని పొద్దున్నే చూపించాను. వేలితో తడిమి చూసి, "ఏమ్మే, రాత్రి దీపం కాడ కుట్టినట్టుండాది. విప్పు. వాకిట్లో ఎండపొడలో కూచోని కుట్టు" అంది. ఏడుపొచ్చింది గానీ విప్పాను. అంత పట్టింపు మనిషి చేతి బొంత ఇట్లా వదిలేస్తే, ఆమె పరువు తీసినట్టు కాదా? సరిచేస్తే, ఆమె చేతి పనిని చెరిపేసినట్టు కాదా? ఇంత చిన్న విషయానికి నాలుగు రోజులు నిద్ర పట్టలేదంటే నవ్వుతారేమో.

అసలు మన వైపు బొంత అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. నెల్లూరు అనగానే బయటివాళ్ళకు పెన్న కాలవలు, వరి మళ్ళు, చేపల పులుసు గుర్తొస్తాయి. ఆ నెల్లూరు తూర్పున ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట. వెలిగొండల కింద జొన్నా సజ్జా, తర్వాతి కాలంలో పొగాకూ నిమ్మతోటలూ. 1876-78 నాటి ధాత కరువు జిల్లాను పట్టి పీడించిన సంగతి మా చిన్నప్పటికీ ముసలివాళ్ళ నోట్లో మాటగా ఉండేది. ఇట్లాంటి చోట పాత చీర పారేయడమంటే తప్పు చేసినట్టే. పుష్యమాసంలో కొండ గాలి తిరిగితే పక్క మీదికి ఏదో ఒకటి కావాలి. దూది పరుపు కావాలంటే దూది కొనాలి, దూదేకులవాళ్ళను పిలిచి ఏకించాలి, కూలి ఇవ్వాలి. బొంతకు డబ్బు అక్కర్లేదు. నాలుగు పాత చీరలు, ఒక దారపు ఉండ, ఒక సూది, ఒక ఆడమనిషి పగళ్ళు ఉంటే చాలు. ఆ పగళ్ళకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

గంజి పోయేదాకా ఉతికి, నేల మీద పొర మీద పొర పరిచి, ముడత లేకుండా లాగి, నాలుగు మూలలా బరువు పెట్టి, ముందు పెద్ద పెద్ద కుట్లతో పొరలు కదలకుండా పట్టిస్తారు. తర్వాత అంచు నుంచి వరసలు. సూది పైకి, కిందికి, అంతే. వరసలు బొంతకు అందం కోసం మాత్రమే కాదు. దగ్గర దగ్గరగా సమంగా ఉంటేనే లోపలి పాత గుడ్డ జరగదు, ఉండ కట్టదు, ఉతికినా నిలుస్తుంది. అందుకే అత్తమ్మకు అంత పట్టింపు.

విప్పడం ఎంత పని అని అమ్మాయి అనుకుంది. నేనూ అనుకున్నాను. మా ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళున్నారు. ఆ గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చెక్క మీద ఉలి జారితే ఇక వెనక్కి రాదు. కుట్టు అట్లా కాదు, విప్పొచ్చు. విప్పగలం కాబట్టే ఈ తర్జనభర్జన. పక్కింటి దూదేకులామెకు చూపించాను. వాళ్ళ నాయన పరుపులు కుట్టేవాడు, ఆమెకు గుడ్డ సంగతి తెలుసు. బొంతను వెలుతురుకు పట్టి చూసి, "పాత గుడ్డ ఒకసారి సూదిని ఓర్చుకుంటుందక్కా. రెండోసారి చిరుగుతుంది" అంది.

నిజమే, కుట్టు విప్పితే బెజ్జాలు మిగులుతాయి. కొత్త గుడ్డయితే ఉతికితే పూడిపోతాయి. ముప్ఫై ఏళ్ళ నూలుచీరలో పూడవు. వాటి పక్కనే మళ్ళీ సూది గుచ్చితే రెండు బెజ్జాలు కలిసి చిరుగు అవుతుంది. దర్జీ దగ్గర మిషన్ మీద కుట్టిద్దామంటే, అక్కడా అదే బెజ్జాల బాధ. పైన కొత్త ముక్క వేసి కప్పేద్దామా అంటే, ఆ మూల బరువెక్కి బొంత ఒకవైపుకు లాగుతుంది. ఏది చేసినా తప్పు పోతుందేమో గానీ బొంత ఆయుష్షు తగ్గుతుంది.

ఈలోగా మా తోడికోడలు వాట్సాప్‌లో ఒక కథ పంపింది. అమెరికాలో పూర్వం ఆడవాళ్ళు క్విల్ట్ కుట్టేటప్పుడు కావాలనే ఒక ముక్క తప్పుగా వేసేవాళ్ళట, ఏ లోపమూ లేనివాడు దేవుడొక్కడే అని గుర్తు పెట్టుకోవడానికి. పర్షియా తివాచీల గురించి కూడా ఇట్లాంటి కథే ఉంది. చదవగానే ప్రాణం తేలికపడింది. హమ్మయ్య, తప్పుకు ఒక అందమైన కారణం దొరికింది, వదిలేయొచ్చు అనిపించింది.

తర్వాత కాస్త వెతికి చదివితే, ఆ క్విల్ట్ కథ నిలబడలేదు. పాతకాలపు డైరీల్లో, ఉత్తరాల్లో దానికి ఆధారం లేదని అక్కడి క్విల్ట్ చరిత్రకారులే చెబుతున్నారు. క్విల్ట్‌లు కుట్టిన చాలా తరాల తర్వాత, 20వ శతాబ్దంలో వ్యాపించిన కథ అది. ఆలోచిస్తే నాకూ తోచింది. చేతిపని చేసే ఏ ఆడదానికైనా కావాలని తప్పు చేయాల్సిన అవసరం ఏముంది? పొయ్యి మీద పాలు పొంగుతుంటే, బిడ్డ ఏడుస్తుంటే, వెలుతురు పోతుంటే, గుడ్డ చాలకపోతే తప్పులు వాటంతటవే వస్తాయి. "కావాలనే చేసింది" అంటే ఆ మనిషి పడిన కష్టాన్ని దేవుడి ఖాతాలో వేసి మనం చేతులు దులుపుకున్నట్టు. మా అత్తమ్మ సరిగ్గానే కుట్టాలనుకుంది. కుదరలేదు. ఎందుకు కుదరలేదన్నదే అసలు ప్రశ్న.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఏది తప్పు అన్నది చోటును బట్టి మారుతుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీలున్నారు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకొస్తారు. వరసలు కొలిచినట్టు రావాలన్న పట్టింపు వాళ్ళకు లేదు. కానీ నాలుగు మూలలా 'ఫూల' అని చిన్న గుడ్డ పువ్వులు పెట్టకపోతే మాత్రం ఆ బొంత బట్ట లేకుండా ఉన్నట్టే లెక్క. బెంగాలులో కాంథా కుట్టేవాళ్ళు పాత చీరల పొరలు వేసి, ఆ చీరల అంచుల నుంచే రంగు దారాలు లాగి బొమ్మలు కుట్టేవాళ్ళు. ఊళ్ళలోని అట్లాంటి కాంథాలను గురుసదయ్ దత్ సేకరిస్తే, ఇప్పుడవి కోల్‌కతాలో ఆయన పేరిటి మ్యూజియంలో ఉన్నాయి. మన బొంతలను ఎవరూ మ్యూజియంలో పెట్టలేదు. మనవి చిరిగేదాకా వాడుకుని, చిరిగాక మసిగుడ్డలు చేసుకున్నాం.

ఉదయగిరి చరిత్ర అనగానే అందరం కోట గురించే చెప్పుకుంటాం. గజపతుల చేతిలో ఉన్న కొండను కృష్ణదేవరాయలు ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. గెలిచినవాళ్ళ మాట రాతి మీద ఉంటుంది. ఆ కొండ కింద ఊళ్ళలో ఆ చలికాలం ఎవరు ఏం కప్పుకున్నారో ఏ శాసనమూ చెప్పదు. గుడ్డ చీకిపోతుంది.

అయినా ఎక్కడో ఒకచోట గుడ్డ కూడా నిలిచింది. మన జిల్లా తీరంలోనే దుగరాజపట్నం ఉంది, ఇంగ్లీషువాళ్ళ పుస్తకాల్లో ఆర్మగాన్. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. 1626లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ దిగింది గుడ్డల కోసమే. అక్కడి వ్యాపారం చూసుకున్న ఫ్రాన్సిస్ డేనే తర్వాత మద్రాసు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇండియా నుంచి వెళ్ళిన అద్దకపు నూలుగుడ్డల మీద అక్కడివాళ్ళకు ఎంత మోజంటే, తమ ఉన్ని, పట్టు పనివాళ్ళు గోల పెడితే 1700లో దిగుమతిని ఆపుతూ ఒక చట్టం, చాలక 1721లో వాడకాన్నే ఆపుతూ ఇంకో చట్టం చేశారు. సరుకు ప్రియమయ్యేసరికి అక్కడి ఆడవాళ్ళూ చిన్న చిన్న ముక్కలు దాచుకుని అతికి కుట్టుకున్నారు. లెవెన్స్ హాల్ అనే ఒక పెద్ద ఇంట్లో మన దేశపు అద్దకం ముక్కలతో కుట్టిన క్విల్ట్ ఇప్పటికీ ఉంది, 1708 ప్రాంతానిదని చెబుతారు. జమీందారీ ఇంట్లోనూ బొంత బొంతే.

ఇంగ్లండులోనే 1718 అని తేదీ, రెండు పొడి అక్షరాలు కుట్టి ఉన్న ఇంకొక దుప్పటి ఉంది. పట్టు ముక్కలను కాగితం మీద మడిచి కుట్టే పద్ధతి అది. కుట్టాక కాగితాలు తీసేయొచ్చు. ఆమె ఎవరో గానీ తీయలేదు. మూడు వందల ఏళ్ళుగా ఆ కాగితాలు లోపలే ఉన్నాయి. అది ఎట్లా కుట్టారో ఈనాటివాళ్ళకు తెలిసిందంటే ఆ తీయని కాగితాల పుణ్యమే. శుభ్రం చేసే చెయ్యి ఎవరిదైనా మధ్యలో పడి ఉంటే ఆ సంగతి పోయేది.

అది చదివాక, మన బొంతలో కూడా ఏమైనా ఉందేమో అనిపించింది. అప్పటిదాకా పైవైపే చూశాను. పొద్దున ఎండపొడలో వాకిట్లో చాప వేసి, బొంత తిరగేసి, అంచు నుంచి అంచు దాకా వేలు పెట్టి చూసుకుంటూ పోయాను.

వంకర వరసలు పదకొండు. వాటి తర్వాత అంచు దగ్గర ఇంకో నాలుగు వరసలున్నాయి. అవి నిటారుగా ఉన్నాయి. మొదటి వరసలంత చక్కగా కాకపోయినా నిటారే. పైగా ఆ నాలుగింటి దారం వేరు. అంతకుముందుది తెల్ల దారం. ఇది లేత నీలం.

ఆ నీలం దారం చూడగానే నా గుండె ఝల్లుమంది. అది తెచ్చింది నేనే. 2013లో అత్తమ్మ కంటి ఆపరేషన్ అయ్యాక అద్దాల కోసం నెల్లూరు వెళ్ళినప్పుడు చిన్నబజారులో కొన్నాను. ఆమె తెల్లది తెమ్మంది. తెల్లది మాసిపోతుందని నేను లేత నీలం తెచ్చాను. "ఇది కనపడతాది గదమ్మే" అని విసుక్కుంది.

దాంతో మిగతాదంతా లెక్క తేలిపోయింది. అంతకు ముందు ఏడు కార్తీకంలో ఆమె మొదటిసారి చెప్పింది, కంట్లో పొర అడ్డం వస్తోందని. శుక్లం, ఆపరేషన్ చేస్తే పోతుంది అన్నారు. మేము సంక్రాంతి వెళ్ళనీ అన్నాం. సంక్రాంతి అయ్యాక పొగాకు బ్యారన్ పని. అది అయ్యాక డి.సి.పల్లిలో వేలం, చేతికి డబ్బు వస్తే గానీ కదలలేం. ఆ తర్వాత ఎండలు, ఎండాకాలం కంటి ఆపరేషన్ వద్దని ఎవరో అన్నారు. ఆగస్టులో చేయించాం. పది నెలలు. ఆ పది నెలలూ ఆమె వాకిట్లో కూర్చుని ఈ బొంత కుడుతూనే ఉంది. చూసేవాళ్ళం. "పెద్దామెకు కాలక్షేపం" అనుకున్నాం. దారం ఎక్కించమని రోజూ సూది నా చేతికే ఇచ్చేది. ఎక్కించి ఇచ్చి నా పని మీద నేను పోయేదాన్ని.

ఆ పదకొండు వరసలు ఆమె తప్పు కాదు. మా తప్పు. ఆమె చేతిలో పడింది, అంతే. అమ్మాయి విప్పమన్నప్పుడు నాకెందుకు అంత ఇబ్బందిగా ఉందో అప్పుడర్థమైంది. విప్పి చక్కగా కుడితే ఆమె పరువు కాపాడినట్టు కనిపిస్తుంది. నిజానికి కాపాడుకునేది నా పరువు.

రెండో సంగతి, అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు. అవ్వ ఉంటే విప్పించేది అంది కదా. చూపు వచ్చాక అవ్వ ఆ వరసలు చూసింది. చూడకుండా వాటి పక్కనే నాలుగు వరసలు అంత నిటారుగా కుట్టలేదు కదా. చూసి, విప్పకుండా, కొత్త దారం ఎక్కించుకుని ముందుకు కుట్టుకుపోయింది. ఎందుకు విప్పలేదో నాతో అనలేదు. ఓపిక లేకో, గుడ్డ ఓర్చుకోదనో, మేము చూస్తే చూడనీ అనో. నా చేత రెండు వరసలు విప్పించిన మనిషి తన పదకొండు వరసలు వదిలేసిందంటే, అది ఆమె తీర్పు. దాని మీద మళ్ళీ నా తీర్పెందుకు?

అయితే ఆ రెండు పొడుగు కుట్లను మాత్రం వదల్లేదు. చంటిబిడ్డ వేలో కాలివేలో అందులో ఇరుక్కుంటే దారం చుట్టుకుని వాచిపోతుంది. కంటికి నచ్చనిది వేరు, బిడ్డకు తగిలేది వేరు. అత్తమ్మ దారం కోయకుండానే దాని మీదుగా సన్నటి నూలుదారంతో చిన్న చిన్న కుట్లు వేసి ఆ దారాన్ని గుడ్డకు అదిమి పట్టాను. పాత వస్తువులను బాగుచేసేవాళ్ళకు ఒక పద్ధతుందని చదివాను. ఏది పాతదో ఏది తర్వాత చేర్చిందో దగ్గరికొచ్చి చూసేవాళ్ళకు తెలియాలి, కావాలంటే తర్వాతివాళ్ళు తీసేయగలగాలి. అందుకని తెలుపూ నీలమూ కాకుండా పసుపుదారం వాడాను. కనపడతాది. కనపడనీ.

అమ్మాయికి ఫోన్ చేసి పది నెలల సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు నేను ఇంటర్. అవ్వ నా చేత కూడా సూదికి దారం ఎక్కించుకునేది మా" అంది. ఇద్దరం ఇంకేమీ అనలేదు.

మీ ఇళ్ళల్లో కూడా అటక మీద పాత బొంత ఒకటి ఉండే ఉంటుంది. ఉతికేముందు, ఎవరికైనా ఇచ్చేముందు, పగటి వెలుతురులో పరిచి ఒకసారి వెనకవైపు చూడండి. దారం ఎక్కడ మారిందో, కుట్టు ఎక్కడ తడబడిందో, ఏ చీర ఎవరిదో. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్ళెవరైనా కన్ను మసకగా ఉందని అంటే, పండగ దాటనీ, పంట చేతికి రానీ అనకండి.

నేను ఒక చిన్న కాగితం రాసి గలీబులో పెట్టాను. చీరలు ఎవరివి, ఎవరు కుట్టారు, తెల్ల దారం ఎప్పటిది, నీలం దారం ఎప్పటిది, పసుపు ఎవరిది. పదకొండు వరసలు ఎందుకు వంకరో కూడా రాశాను. బొంత కుంకుడు నురగలో ముంచి తీసి, పిండకుండా నీడన ఆరేశాను. ఇంకా తడిగానే ఉంది.